సమాధి గుమ్మం ముందు విడిచిన చెప్పులు

మా అక్క ఆళ్లగడ్డలో టీచరుగా చేసి రిటైరైంది. మా బావ పోయినప్పుడు ఆమె కంట నీరు రాలేదు. శవపెట్టె గుంతలోకి దించేటప్పుడూ రాలేదు. "రాయి మాదిరుండాది చూడు" అని వెనక ఆడవాళ్లు అనుకోవడం నాకే వినిపించింది, ఆమెకు వినపడకుండా ఉంటుందా?

ఏడాది గడిచాక ఒక పొద్దున నంద్యాలలో మా ఇంటికి వచ్చింది. కాఫీ గ్లాసు పక్కన పెట్టి అడిగింది.

"యెరూషలేముకు పోదాం రా. ప్రభువు సమాధి కాడ మోకాళ్లేస్తే ఏడుపొస్తాదేమో."

"రాకపోతే?"

"రాకపోతే తిరిగొస్తాం. ఆడే ఉంటామా ఏంది?"

ఆళ్లగడ్డ చర్చి పాస్టరు అయ్యగారు తీసుకుపోయే యాత్రలో మేమిద్దరం చేరాం.

పత్రికలో ఉన్నన్నాళ్లూ ప్రతి తిరునాళ్లకూ 'కిక్కిరిసిన భక్తులు' అని శీర్షిక పెట్టినవాణ్ని. ఆ మాట లోపల నేను నిలబడటం మాత్రం యెరూషలేము పాత కోటగోడ దాటాకే. సందుల నిండా జనం. రెండు పక్కలా అంగళ్లు, సంచులు, కొయ్య సిలువలు, దానిమ్మ రసం. అయ్యగారు గొడుగుకు ఎర్రగుడ్డ కట్టి పైకెత్తి ముందు నడిచారు. నేను గోడను గానీ రాళ్లను గానీ చూసింది లేదు. ఆ గుడ్డనే చూస్తూ నడిచాను. బడి పిల్లల్ని బెలుం గుహల్లో వరస తప్పకుండా తిప్పిన మనిషి మా అక్క. ఇక్కడ నా చొక్కా పట్టుకుని నడిచింది.

సమాధి ఉన్న గుడి గుమ్మం దగ్గర ఆమె చెప్పులు విడిచింది. మా వైపు చెప్పులతో చర్చిలోకి పోయేవాళ్లుండరు. ఆదివారం వరండా అంతా చెప్పులే. ఇక్కడ గుమ్మం ముందు ఒక్క జత కూడా లేదన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. నేను వంగి బూట్ల లేసు విప్పబోతుంటే వెనకనుంచి తోశారు. బూట్లతోనే లోపల పడ్డాను.

లోపల దీపాలు, సాంబ్రాణి పొగ. "ఇదేందిరా, ఆర్‌సీఎం వాళ్ల గుడి మాదిరుండాది" అంది. మా చర్చిలో సాంబ్రాణి ఉండదు, అది కాథలిక్కుల వాడుక. వరస కదిలినప్పుడల్లా ఎవరివో బూట్లు ఆమె పాదాల మీద పడుతున్నాయి. చాలాసేపటికి వంగి సమాధి ఉన్న చిన్న గదిలోకి పోయింది. వెంటనే అవతలికి వచ్చేసింది.

"ప్రార్థన చేసుకుంటివా అక్కా?"

"యాడ? 'తండ్రీ' అనేలోపల ఇంకొకామె నా మీద మోకాళ్లేసింది. కాపలా ఆయన పో పో అన్యాడు."

బయట చెప్పులు లేవు. ఎవరో చెత్త అనుకుని ఊడ్చేసి ఉంటారు.

"పరిశుద్ధ స్థలమమ్మా, వట్టి కాళ్లతో నడిస్తే మంచిదే" అన్నారు అయ్యగారు.

"అయితే మీ బూట్లిప్పి మీరూ నడవండి అయ్యగారూ."

సందులో ఒక అంగట్లో రబ్బరు చెప్పులు దొరికాయి. మగవాళ్లవి, పెద్దవి. వాటినే వేసుకుని టపటపమంటూ బస్సు దాకా వచ్చింది.

యెరూషలేము పోయొచ్చినవాళ్లు చర్చిలో సాక్ష్యం చెప్పాలి. అంతకుముందు చెప్పినవాళ్లందరూ మైకు ముందు ఏడ్చినవాళ్లే. మేం తిరిగొచ్చాక మొదటి ఆదివారం అక్క లేచినప్పుడు ఆడవాళ్లు కళ్లొత్తుకోవడానికి కొంగులు సర్దుకున్నారు.

"జనం చానా ఉండారు. మోకాళ్లేసేకి చోటు ల్యాకపాయ. నా చెప్పులు పోయినాయి. ఏడుపు రాలేదు."

కూర్చుంది. అలవాటుకొద్దీ అందరూ "స్తోత్రం" అన్నారు.

వరండాలో ఆమె ఆ రబ్బరు చెప్పులే వేసుకుంటుంటే, రాయి అన్నవాళ్లలో ఒకామె అడిగింది.

"యాడ కొంటివి? పెద్దవైనాయే."

"మా ఆయన సైజు" అంది అక్క.

ఆమె మొహం చూశాను. కళ్లు పొడిగానే ఉన్నాయి. ఎండ ఎక్కుతోందని ఇద్దరం అక్క ఇంటికి నడిచాం.