నాన్న ఈల వేసి తీయించిన షాంపేన్

మా చంద్రపూర్ జిల్లాలో మద్యనిషేధం ఉన్న ఆ రోజుల్లో, తాగేవాళ్ళకంటే తాగనివాళ్ళే ఎక్కువ భయపడేవాళ్ళు. తాగేవాళ్ళకు ఎక్కడ దాచాలో, ఎవరికి దండం పెట్టాలో తెలుసు. బాబుపేట్‌లోని మా ఇంట్లో ఆ చదువు ఎవరికీ లేదు. అలాంటి ఇంటికి, మే నెల ఎండలో, ఒక షాంపేన్ సీసాను మోసుకొచ్చిన ప్రబుద్ధుణ్ణి నేను.

అప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్లో శిక్షణలో ఉన్నాను. ఏ సీసా ఎక్కడిదో, దాని రుచి ఎలా ఉంటుందో అతిథులకు చెప్పడం నా పని. ఆ షాంపేన్ కథ నాకు ఎక్కాల్లా నోటికి వచ్చు. ఫ్రాన్సులో పీపాలు చేసే ఇంటి చిన్నకొడుకు ఒకడు తన ఇంటి కింద సుద్దనేలను తవ్వి సొరంగం చేశాడు. ద్రాక్షసారాను సీసాల్లో పోసి అక్కడ ఏళ్ళ తరబడి పడుకోబెట్టాడు. అది సీసాలోనే రెండోసారి పులిసి బుడగలు కట్టింది, అలా ఆ కంపెనీ పుట్టింది. తీపి తక్కువ, బుడగలు సన్నం, పచ్చి ఆపిల్ పులుపు, కాల్చిన రొట్టె వాసన. (నేను మాత్రం ఒక్క చుక్క ఎరుగను. చూడని ఊరికి దారి చెప్పేవాడి ధైర్యం నాది.) కథ బాగా చెప్పానని మేనేజరు ఒక సీసా బహుమతిగా ఇచ్చి, వారంలో ఉద్యోగం ఖాయం చేస్తామన్నాడు. నాన్నకు చూపించాలన్న ఉబలాటంలో జిల్లాలో నిషేధం సంగతి పక్కన పెట్టి, సీసాను కొత్త లుంగీలో చుట్టి బస్సెక్కాను. జిల్లా సరిహద్దు లక్కడ్‌కోట్ దగ్గర పోలీసు ఎక్కి సంచీ తడిమి ఏమిటని అడిగితే "ఆవకాయ" అన్నాను. నూనె అంటుతుందని చెయ్యి తీసేశాడు.

నాన్న బొగ్గుగనిలో షాట్‌ఫైరర్, అంటే బొగ్గు పొరలో పేలుడు పదార్థం దట్టించి పేల్చేవాడు. సీసా చూడగానే "గిది భూమి లోపల పెడ్తరా?" అని కుతూహలంగా అడిగాడు. నా కథకు అంతకంటే మంచి శ్రోత ఎక్కడ దొరుకుతాడు? చెప్పకూడనిది కూడా చెప్పేశాను. పూర్వం ఆ సొరంగాల్లో గ్యాస్ ఎక్కువై సీసాలు పేలేవని, పనివాళ్ళు ముఖాలకు ఇనప ముసుగులు వేసుకునేవాళ్ళని. నాన్న ముఖం మారిపోయింది. సీసాను తాకి చూశాడు. దారి పొడుగునా ఎండకు కాగి అది వేడిగా ఉంది.

"గింత ఎండల పేలే సీస ఇంట్ల పెడ్తవారా? పక్కింట్ల పోలీసు హవల్దారున్నడు. సప్పుడైతే కేసు. కేసైతే నీ కొలువు పాయె. మెల్లగ గ్యాస్ దీసి గిప్పుడే మోరిల పొయ్యి."

నాన్న అమ్మను వాకిట్లోకి పంపి, సీసాకు తడి గోనెసంచి చుట్టి, నన్ను వంటింటి మధ్య కూర్చోబెట్టి, తాను తలుపు చాటున నిలబడ్డాడు. నేను బిరడా మీద బొటనవేలు పెట్టి తీగ విప్పసాగాను. (శిక్షణంతా ఖాళీ సీసాల మీదే జరిగిందని నాన్నకు చెప్పలేదు.) వేలు చెమటకు జారుతోంది. సరిగ్గా అప్పుడు, ముప్పై ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా, నాన్న జేబులోంచి పేల్చేముందు ఊదే గని ఈల తీసి మూడుసార్లు గట్టిగా ఊది "ఖబడ్దార్!" అని అరిచాడు.

మా గల్లీలో సగంమంది గనివాళ్ళే. ఎక్కడివాళ్ళు అక్కడ గోడల చాటుకు ఒదిగిపోయారు. అదే క్షణాన బిరడా ఎగిరి రేకుల కప్పుకు ఠంగున తగిలింది, సారా అంతా బుసబుసా నేలపాలైంది. ఈలకు ఆగనివాడు ఒక్క పక్కింటి హవల్దారు కాకాయే. గబగబా మా వాకిట్లోకి వచ్చి, అమ్మను వదినా అని పిలుస్తూ సగం మరాఠీలో అడిగాడు.

"వహినీ, కాయ్ ఝాలం? గా సప్పుడేంది, గీ వాసనేంది?"

నా ఉద్యోగం కళ్ళముందే మోరీలోకి పారుతోంది. అమ్మ మాత్రం తలుపుకు అడ్డంగా నిలబడి, "ఇడ్లిపిండి అన్నా. ఎండకు పులిసి డబ్బ మూత ఎగిరింది" అంది. నేను నెలల తరబడి బట్టీ పట్టిన వాసనను అమ్మ ఒక్కమాటలో చెప్పేసింది. ఆయన ముక్కు ఎగబీల్చి, గడప దగ్గరికి దొర్లిన బిరడాను తీసి, తిప్పి చూసి, అమ్మ వెనక నిలబడ్డ నా చేతిలో పెట్టాడు. "వహినీ, పిండిడబ్బకు గింత గట్టి బూచ్ పెట్టద్దు" అని వెళ్ళిపోయాడు.

నాన్న నేలమీద కూలబడ్డాడు. "గనిల ఎన్ని షాట్లు పేల్చిన్నో. ఒక్కనాడు బుగులు గాలె. గియ్యాల నీ కొలువు పోతదని పానం పోయినంత పనైంది బిడ్డా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. కాసేపటికి ఆయనే తడి నేలమీద వేలు అద్ది నాలుక్కి రాసుకున్నాడు. "పుల్లగున్నది. రొట్టె వాసనేదిరా?" నేనూ వేలు అద్దాను. నాకు తగిలింది గోనెసంచి వాసన.

ఇప్పుడు జిల్లాలో నిషేధం లేదు, నాన్న గనికి పోవడం లేదు. నేను అదే హోటల్లో, అదే కథ చెబుతూ, అదే కంపెనీ సీసాలు తీస్తున్నాను. తీగ విప్పాక, బిరడా తిప్పే ముందు, నా చెయ్యి దానంతటదే ఒక్క క్షణం ఆగిపోతుంది, ఈల కోసం. అతిథులు అదేదో ఫ్రెంచి పద్ధతి అనుకుని గౌరవంగా ఎదురుచూస్తారు.