పాలకూర మీద పోసిన చాయ్

ఆ రోజుల్లో ఆడపిల్ల కళ్ళు తిరిగి పడిపోతే లోకానికి ఒకే ఒక్క కారణం తోచేది. (ఈ రోజుల్లోనూ అంతే అనుకోండి, కాకపోతే ఇప్పుడు మొహం మీద అడగరు.) నాకప్పటికి పెళ్ళి కాలేదు, సంబంధాలు చూడటం కూడా మొదలుపెట్టలేదు. బీఎడ్ ముగించి సికింద్రాబాద్‌లో ఒక బడిలో సైన్సు టీచరుగా చేరి ఏడాదైనా నిండలేదు. అలాంటిదాన్ని ఒక సోమవారం ఉదయం, పిల్లలంతా ప్రార్థనకు కళ్ళు మూసుకున్న సమయం చూసి మరీ, క్రోటన్ కుండీ పక్కన కుప్పకూలాను. తెలివి వచ్చేసరికి స్టాఫ్ రూమ్ బెంచీ మీద ఉన్నాను. చుట్టూ మూగినవాళ్ళ కళ్ళల్లో జాలి కంటే లెక్క ఎక్కువ కనిపించింది. నెలల లెక్క. అందరి తరఫునా లెక్కల సారే అడిగాడు, "ఏందమ్మా, ఏమన్న విశేషమా?" అని. ముందుకు వంగి నడుస్తాడని పిల్లలు ఆయనకు కోణమానిని అని పేరు పెట్టారు. ఆ కోణాన్ని అక్కడికక్కడే నిటారుగా చేసేయాలన్నంత కోపం వచ్చింది గానీ, లేచే ఓపిక లేదు.

మెట్టుగూడలో మా ఇంట్లో సంగతి తెలిసి అమ్మ నొచ్చుకుంది, నేను పడిపోయినందుకు కాదు, తన వంటకు మాట వచ్చినందుకు. "వారమంతా పాలకూరో, గోంగూరో, తోటకూరో పెడుతూనే ఉన్నానా? అవి కాక రక్తం తక్కువని మందుల షాపులో కొన్న ఆ ఇనుము మాత్రలు. ఇంకా రక్తం లేదంటే నలుగురూ నన్నేమనుకుంటారే?" అంటూనే సందు చివరి డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, ఆ కాగితం చూసి, నా కింది రెప్ప లాగి చూసి, ఏం తింటావని అడిగింది. అమ్మ ఆకుకూరల పేర్లన్నీ అప్పజెప్పింది. డాక్టరమ్మ ఓపికగా విని, "తిన్నంక?" అంది.

"చాయ్ తాగుతాను."

"ఎంతసేపటికి?"

"చెయ్యి కడుక్కోగానే."

"గోలీ దేంతోని మింగుతున్నవ్?"

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ గోడ మీది కేలెండర్ వైపు చూసింది. మాత్ర కూడా చాయ్‌తోనే. చేదు తెలియదని అమ్మే చెప్పింది.

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "తిండి మంచిగనే ఉన్నది. దాని మీద చాయ్ పోస్తున్నవ్ గద, అదే తక్లీఫ్. ఆకుకూరల ఉన్న ఇనుమును చాయ్ పట్టేసుకుంటది, ఒంటికి ఎక్కనియ్యది. తిన్నంక గంట దాక చాయ్ ముట్టకు. గోలీ చాయ్‌తోని వద్దు, పాలతోని సుత వద్దు. కూర మీద నిమ్మకాయ పిండుకో, జామకాయ తిను, ఇనుము మంచిగ ఎక్కుతది. ఎప్పుడన్న జెర మాంసం తిన్నా మంచిదే. నెలనెల పోయే నెత్తురు ఎట్లాగూ ఉండనే ఉన్నది, మనకు మొగోళ్ల కంటె ఎక్కువ కావాలె." ఇంటి గేటు దగ్గర అమ్మ, "అయితే ఇన్నేళ్ళూ నేను వండిందంతా చాయ్‌కే పెట్టానన్నమాట" అంది. ఆ మాటలో ఎంత అవమానం ఉందో చెప్పలేను.

ఇంట్లో చాయ్ వేళ మార్చడం తేలికే అయింది. బడిలోనే వచ్చింది చిక్కంతా. అక్కడ అన్నం గంట మోగడంతోనే చాయ్ కెటిల్ లోపలికి వచ్చేది. విరామం ముప్పావుగంట కూడా ఉండదు. అప్పుడు తాగకపోతే ఉదయం నుంచి అరిచిన గొంతుకు సాయంత్రం దాకా మంచినీళ్ళే గతి. తోటి టీచర్లను అడిగి చూశాను. తెలుగు మేడమ్‌కు మెట్లెక్కితే ఆయాసం. హిందీ మేడమ్‌కు జుట్టు రాలుతోంది. మరొకావిడ ఆదివారం చర్చిలో కూడా కునుకు తీస్తోంది. ఎందుకని అడిగితే అందరిదీ ఒకటే జవాబు, "ఆడవాళ్ళన్నాక ఉంటాయి కదా." ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోయింది. పోరుపెట్టి అందరినీ డాక్టరమ్మ దగ్గరికి పంపాను. ఒకరిద్దరు తప్ప అందరూ నాలాగే మాత్రల చీటీలతో తిరిగొచ్చారు.

చాయ్‌ని ఆరో పీరియడ్ తర్వాతికి మార్చమని పెద్ద మేడమ్‌ని అడిగాం. మా హెడ్‌మిస్ట్రెస్‌ను అందరం అలాగే పిలిచేవాళ్ళం. "నేను రాకముందు నుంచీ అదే టైమింగ్. వద్దనుకున్నవాళ్ళు మానేయండి" అంది, తలెత్తకుండా. స్టాఫ్ రూమ్‌లో కోణమానిని సారు తీర్పు మరీ ఘనంగా ఉంది. "మా అమ్మ దినాం అన్నం తినంగనే చాయ్ తాగేది. ఎనభై ఏండ్లు బతికింది."

"ఆవిడ ఎప్పుడూ నీరసంగా ఉందని అనలేదా సార్?"

"అనేది. దినాం అనేది. ఆడోళ్లన్నంక ఉంటది గద."

మర్నాటి నుంచి మేమెవ్వరం చాయ్ ముట్టలేదు. డబ్బాల్లో నిమ్మచెక్కలు తెచ్చుకుని, అన్నం తిని, బల్ల మీద గ్లాసులు మీగడ కట్టేదాకా చూస్తూ కూర్చునేవాళ్ళం. పోరాటమంటే అవతలివాళ్ళకు నొప్పి తెలియాలి. మా పోరాటంలో మగ సార్లు మా చాయ్ కూడా తాగి హాయిగా ఉన్నారు. కోణమానిని సారైతే, "ఇట్లనే నడిపించుండ్రి, బాగున్నది" అన్నాడు కూడా.

చివరికి పెద్ద మేడమ్ నన్ను గదికి పిలిచింది. వెళ్ళేసరికి ఆవిడ భోజనం చేస్తోంది. డబ్బాలో తోటకూర పప్పు, పక్కనే పొగలు కక్కుతున్న చాయ్. "ఏమిటీ డ్రామా? కొత్తగా వచ్చినదానివి, స్టాఫ్‌ని ఎందుకు ఎగదోస్తున్నావ్?" అంది. క్షమించమని అడగాలనే వెళ్ళాను. ఆ చాయ్ చూసేసరికి నోరు నా మాట వినలేదు.

"మేడమ్, మీటింగులు పైహాల్లోంచి కిందికి ఎందుకు మార్చారు?"

"మోకాళ్ళ నొప్పి."

"నొప్పా, ఆయాసమా?"

ఆవిడ చాయ్ గ్లాసు పక్కకు జరిపింది. "ఒక్కసారి మీ గోళ్ళు చూపించండి మేడమ్, రక్తం లేకపోతే అవే పాలిపోయి చెబుతాయి" అన్నాను. ఉద్యోగం పోయిందని ఆ మాట అంటున్నప్పుడే తెలిసింది. అయినా ఆపలేదు. "నెలనెలా పోయే రక్తం మనది, తిన్నది ఒంటికి పట్టక పడిపోయేదీ మనమే. చాయ్ గంట మాత్రం ఎవరో ఎప్పుడో పెట్టినదే ఉండాలా?" పెద్ద మేడమ్ చేతులు బల్ల కిందికి పోయాయి. "యూ మే గో" అంది, నెమ్మదిగా.

వారం తిరక్కుండా నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు, పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా స్టాఫ్ టీ సమయం మార్చడమైనదని. పరిపాలనా సౌలభ్యమట. రక్తం అనే మాట రాయడానికి బోర్డు సిగ్గుపడిందేమో. గెలిచిన రోజు కూడా కోపంతోనే ఇంటికెళ్ళాను. తర్వాతెప్పుడో హాజరు పట్టీ ఇవ్వడానికి వెళితే, పెద్ద మేడమ్ డబ్బాలో నిమ్మచెక్క కనిపించింది. ఆవిడ చటుక్కున మూత పెట్టేసింది. నేనూ చూడనట్టే బయటికి వచ్చాను.

ఇప్పుడు నేరేడ్‌మెట్‌లో ఉంటున్నాను, నా రక్తం రిపోర్టు చూసి డాక్టర్లు మెచ్చుకుంటారు. మొన్న రేషన్ షాపు వరసలో ఎవరో నా ముందు దూరితే, "పర్లేదు లెండి, వెళ్ళండి" అన్నాను. అని, అక్కడే నిలబడి ఒకప్పటి నాలోని ఆ టీచరమ్మను తలుచుకున్నాను. ఒంట్లో చుక్క రక్తం లేనప్పుడు అంత మంటను ఆ పిల్ల ఎక్కణ్ణుంచి తెచ్చుకుందో, నిండా రక్తమున్న నాకు ఎంతకీ అంతు చిక్కలేదు.