మంచేర్‌షా మూయించిన బావి

గ్లాసు చేతికి రాగానే మంచేర్‌షా దాన్ని వెలుతురుకు ఎత్తి చూసేవాడు. సోడా కార్ఖానా పెట్టిన ముప్పై ఏళ్లలో అబ్బిన అలవాటు. పెళ్లివిందులో షర్బత్తునైనా అలాగే చూసేవాడు. "తాగరా, అందులో నీ మునిసిపాలిటీ మురికేమీ కనపడదు" అని అక్క గుల్‌బాయి నవ్వేది.

అతని భార్య చలిజ్వరంతో పోయాక ఆ ఇంట్లో మిగిలింది వాళ్లిద్దరే. తాగడానికీ వాడకానికీ పెరటి బావి నీళ్లే. సాయంత్రమయ్యేసరికి అక్క బావిగట్టు మీద పూలు పెట్టి దీపం వెలిగించేది. ధోబీ తలావ్ పేటలో పార్సీల పెరళ్లన్నింటా అంతే.

ఆ ఏడు వానలు తగ్గాక, చలిజ్వరపు దోమలు ఆ బావుల్లోనే పుడుతున్నాయని డాక్టర్లు తేల్చారు. బావులు మూయాలని మునిసిపాలిటీలో తీర్మానం పెడితే మెంబరు మంచేర్‌షా సరేనని చెయ్యెత్తాడు.

అగ్ని ఆలయం మెట్ల మీద బట్టల వ్యాపారి సొహ్రాబ్ అందరికీ వినపడేలా అన్నాడు. "బావులు మూస్తే దాహానికేం తాగుతాం? శేట్ గారి సోడా!"

జనం గొల్లుమన్నారు. అక్కడి బెంచీ మీద మంచేర్‌షా పక్కనున్నవాళ్లు ఒక్కొక్కరే లేచిపోయారు.

తీర్మానంలో ఒక సందు ఉంది. బావి మతానికి అవసరమని పూజారి రాసిచ్చి, ఇంటి యజమాని సంతకం పెడితే, మూతలో చిన్న తలుపు ఉంచుకోవచ్చు. ఆదివారం భోజనం దగ్గర అక్క ఆ కాగితం తెచ్చి పెట్టింది.

"అగ్ని ఆలయం దస్తూర్‌జీ రాసిచ్చారు. నీ సంతకమే తక్కువ."

"నేను పెట్టలేను అక్కా."

"పేటలో అందరూ పెట్టారు. నిజాయితీ నీకొక్కడికే వచ్చిందా?"

"బావులు మూయమని చెయ్యెత్తి, సోడా అమ్మేది నేనొక్కణ్ణే కదా."

"నలభై ఏళ్లు వెలిగించాను మంచీ. ఇక ఎక్కడ వెలిగించను? నీ సీసా మీదా?"

అతనికి నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. పళ్లేల్లో ధాన్‌సాక్ పప్పు చల్లారిపోయింది.

గురువారం మేస్త్రీలు బావి నోటికి బండ వేసి సున్నం పూశారు. సాయంత్రం రైలుకు అక్క నవ్‌సారీలో పినతల్లి కూతురి ఇంటికి బయల్దేరింది. బండెక్కుతూ, "బెల్లం డబ్బాకు చీమలు పట్టనీకు" అని మాత్రం అంది.

అతను పెరట్లోకి వచ్చి నిలబడ్డాడు. గోడల అవతల అన్ని బావుల మీదా దీపాలు వెలిగి ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే మంచేర్‌షా రాగి బిందె పట్టుకుని వీధి కుళాయి దగ్గరికి వెళ్లాడు. వరసలో వాళ్లు మాటలాపి, పక్కకు జరిగి దారి ఇచ్చారు. అతను ముందుకు పోలేదు. అందరికన్నా వెనక బిందె దించి, నిలబడ్డాడు.