మా వదిన మెడ ఎత్తున చేపల తొట్టి

కార్తీక మాసం, గురువారం. తెల్లారి చేసిన పనులు: వాకిలి ఊడ్చి, చల్లి, ముగ్గు వేయడం. పాలు కాచడం. నానిన పెసర్లు రుబ్బడం. బిందెలు కడిగి నల్లా నీళ్లు పట్టడం. ఐదో పని మా వదినకు చాయ్ ఇవ్వడం. అది సగంలోనే ఆగిపోయింది.

వదిన అంటే మావారి అక్క. మర్రిగూడలో పుట్టి అక్కడే మెట్టింది. భర్త పోయాక నకిరేకల్‌లో మా దగ్గరే ఉంది. ఆ పొద్దున కూడా చేపల తొట్టి ముందు కుర్చీలో ఒంగి కూర్చుని ఉంది. చాయ్ పక్కన పెట్టి, పెసరట్టులో అల్లం వెయ్యనా అని అడిగాను. చేపల్ని చూస్తున్నప్పుడు ఆమె ఎవరికీ జవాబివ్వదు. నేనే సరే అనుకుని, పాలవాడి సంగతి కూడా చెప్పి వంటింట్లోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి చాయ్ మీద మీగడ కట్టి ఉంది. ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి. నా మాటలేవీ ఆమె వినలేదని అప్పుడు తెలిసింది.

చిన్నప్పటి నుంచి తాగిన ఫ్లోరైడ్ నీళ్లు ఆమె వెన్నును వంచేశాయి. మెడ తిరిగేది కాదు, పైకి లేచేది కాదు. అందుకే మావారు తొట్టిని పొట్టి బల్ల మీద, సరిగ్గా ఆమె కళ్లకు ఎదురుగా పెట్టారు. మిగతావాళ్లం చూడాలంటే ఆమెలాగే ఒంగాలి.

"అందరు నా లెక్కనే ఒంగుతున్నరు. ఇగ నాకేం ఫికర్!" అని నవ్వేది.

మొదట తెచ్చిన రంగు చేపలు మా బోరు నీళ్లలో బతకలేదు. బకెట్‌కు తెల్లపొర కట్టే నీళ్లు అవి. ఆ మాట విని దుకాణం అతను ఈసారి చిటికెన వేలంత చేపలిచ్చాడు. సిక్లిడ్లనే జాతిలో బాగా చిన్న రకం, ఆఫ్రికాలో ఏదో సరస్సులో పుట్టేవట. కాపురం నత్తగుల్లల్లో. ఇలాంటి సున్నపు నీళ్లే వాటికి పడతాయట. వదిన కేతేపల్లి వైపు పొలాల నుంచి గుల్లలు తెప్పించి, ఉడకబెట్టి, తొట్టిలో ఇసుక మీద పేర్చింది. మర్నాటికి ఒక్క గుల్ల కనిపించలేదు. చేపలు నోటితో ఇసుక తవ్వి అన్నింటినీ పూడ్చేశాయి. చిన్న చిన్న రంధ్రాలు మాత్రం మిగిలాయి. ఒక్కో రంధ్రంలోంచి రెండు కళ్లు.

"నా బొక్కలు ఒంచిన నీళ్లే వీటికి బలమైనయి, జూసినవా పిల్లా?" అంది వదిన. ఆ గొంతులో కోపం లేదు.

ఎవరైనా గాజు మీద వేలితో కొడితే ఒప్పుకునేది కాదు. "నీ ఇంటి గోడ గిట్ల గుద్దితె నువ్వు ఊకుంటవా?" అనేది. తొట్టి ఖాళీగా ఉందని ఎవరన్నా అంటే, "కనవడకుంటె లేనట్టా? ఇంట్లకు పోయినయి, గంతే" అనేది.

నాకు గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు, తల ఎత్తలేని మనిషి రోజూ నా కోసం బిందె మోసింది. నాకు ఒకరికి బాకీ ఉండడం నచ్చదు. కోలుకున్నాక, "మీ బిందె బాకీ తీర్చుకుంట వదినె" అన్నాను.

"ఉండనియ్యి. అన్ని తీరిస్తె రేపు నా మొకం ఎవరు జూస్తరు?" అంది.

పోయే ముందు రోజు, బుధవారం సాయంత్రం మాత్రం తానే అడిగింది. "రేపు బేస్తారం, చేపల నీళ్లు మార్చాలె. నాతోని కాకుంటె నువ్వు చెయ్యి. నాకు బిందె బాకీ ఉన్నవు, యాదుందా?"

పాడె మీద కూడా ఆమె నిటారుగా పడుకోలేదు. మెడ కింద బట్టలు మడిచి పెట్టాల్సి వచ్చింది. ఇంట్లోంచి తీసుకుపోయాక, మా అత్తగారి చెల్లెలు, చిన్నత్త, కొంగు బిగించింది. చావు జరిగిన ఇంట్లో నిలవ నీళ్లు ఉంచరు.

"బిందెలు, బకెట్లు, గా అద్దాల డబ్బ, అన్ని పారబొయ్యి కోడలా. పోయిన ప్రాణం నిలవ నీళ్లల్ల మొకం జూసుకుంట ఆగిపోతది."

"అండ్ల చేపలున్నయి చిన్నత్తా."

"యాడున్నయే? వట్టి ఇసుకనాయె. ఆమెతోటే పోయినయి."

ఒంగి చూశాను. నిజమే. రంధ్రాలు కూడా లేవు. ఇసుక చదునుగా, ఎవరూ ఎన్నడూ అక్కడ కాపురం చెయ్యనట్టు ఉంది. వదిన కుర్చీకి ఎదురుగా ఉన్న గాజు దగ్గర మాత్రం ఇసుక గుంటలా తవ్వి ఉంది.

"ఇంట్లకు పోయినయి, గంతే" అన్నాను. గొంతు నాదే, మాట ఆమెది. చిన్నత్త నా వైపు అదోలా చూసింది.

"సగం పారబోస్త. వదినె ప్రతి బేస్తారం సగమే తీసేది" అన్నాను.

"సగం మైల, సగం శుద్ధి ఉంటదానే?" అంటూనే పైపు పట్టుకుంది.

నీళ్లు సగానికి దిగాయి. ఇసుక కదిలింది. ఒక రంధ్రం తెరుచుకుంది, దాని పక్కన ఇంకొకటి. కళ్లు. వాటి వెనక నూకల్లాంటి పిల్లలు, మేమెవరం ఎన్నడూ చూడనివి. చిన్నత్త పైపు వదిలేసి వెనక్కి జరిగింది.

"ఓ యమ్మ! నన్నే సూస్తున్నయే!"

మంచి నీళ్లు పోస్తే పుణ్యమని మా మరిది తాగే నీళ్ల క్యాను మోసుకొచ్చాడు. చెయ్యి అడ్డం పెట్టాను. వాటికి బోరు నీళ్లే కావాలి. ఇసుక చెదరకుండా పళ్లెం పెట్టి, బిందె తర్వాత బిందె నెమ్మదిగా వంచాను. ఆఖరి బిందె వంచుతుంటే చేపలన్నీ బయటికొచ్చి, వదిన ముఖం ఉండే చోటికి వరుసగా చేరాయి. అక్కడ ఇప్పుడు నా ముఖం ఉంది. గాజులో కనిపించిన మెడ మాత్రం నాది కాదు. అది ముందుకు ఒంగి, ఇక తిరగనట్టు ఉంది.

చాలాసేపు అలాగే ఉన్నాను. అవీ కదలలేదు.

గురువారం. బోరు నీళ్లు, సగం తొట్టికి. వదిన బిందె బాకీ చెల్లు.