లింగాలగట్టు మలుపులో ఆగిన బస్సు

బస్సు ఆగింది. దాని ఎడమ పక్కన పద్మజ గారి సైకిల్ కూడా ఆగింది. ఆమె కుడిచేయి బస్సు కిటికీ కడ్డీని పట్టుకుంది. రెండు కాళ్లూ పెడళ్ల మీదే ఉన్నాయి. సైకిల్ తోసుకుంటూ వెనక వస్తున్న నేను నిలబడిపోయి ఆమె బూట్ల వైపే చూశాను. ఆ బూటు రోడ్డుకు తగిలితే ఏడాది శ్రమ అక్కడితో పోయినట్టే.

శ్రీశైలం ఆనకట్ట దిగువన కృష్ణ మీది వంతెన దాటాక, లింగాలగట్టు నుంచి సున్నిపెంటకు ఎక్కే ఘాట్‌లో, చలికాలం చివర ఒక ఆదివారం నాడు జరిగిన సంగతి ఇది. నేను ఉద్యోగ విరమణ చేయడానికి ముందు సంవత్సరం.

అప్పుడు నేను ఒక దినపత్రికకు ఎల్బీనగర్ జోన్ ఇన్‌ఛార్జిని. దిల్‌సుఖ్‌నగర్ నుంచి నాదర్‌గుల్ దాకా నా పరిధి. కాంట్రిబ్యూటర్లు, అంటే వేరే పని చేసుకుంటూ తమ ప్రాంతం వార్తలు రాసేవాళ్లు, పంపినదంతా సరిచూసి జిల్లా డెస్క్‌కు అందించడం నా పని. ఆదివారం అనుబంధానికి వేరే డెస్క్ ఉండేది. అడవులూ కొండలూ దాటే సైకిల్ యాత్రల దారుల మీద వాళ్లు ఒక శీర్షిక నడిపేవారు. దానికొక నియమం ఉంది. రాసేవాడు ఆ దారిలో స్వయంగా సైకిల్ మీద వెళ్లి రావాలి. అంతకుముందు ఒకరు కారులో తిరిగొచ్చి ఒక ఘాట్‌ను ‘స్వల్పమైన ఎత్తు’ అని రాశారు. నమ్మి వెళ్లిన పాఠకులు ఫోన్ చేసి తిట్టారు. కారులో కూర్చున్నవాడికి ప్రతి ఎత్తూ స్వల్పంగానే ఉంటుంది.

రోజూ పొద్దున సరూర్‌నగర్ చెరువు చుట్టూ సైకిల్ తొక్కే అలవాటు నాకు ఉండబట్టి నల్లమల దారి నా వంతుకొచ్చింది. స్టేడియం దగ్గర కలిసే ఒక సైకిల్ బృందంతో వెళ్లమన్నారు. ఆ బృందం నాయకుడు యాదగిరి. సరూర్‌నగర్ పాత ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి, కరెంటు సామాను దుకాణం నడుపుతాడు. యాత్రలో ముందు నడిచేవారి మెడలో ఒక ఇత్తడి ఈల ఉంటుంది. ఒకసారి ఊదితే ఆగాలి, రెండుసార్లు ఊదితే బయలుదేరాలి. ఆ ఈల దక్కాలంటే, సామాను కట్టిన సైకిల్ మీద లింగాలగట్టు నుంచి సున్నిపెంట దాకా కాలు కింద పెట్టకుండా ఎక్కాలి. అందరి కళ్ల ముందూ అది చేసినవాళ్ల మాటే బృందం వింటుందని యాదగిరి వాదన.

పద్మజ గారిది గుంటూరు వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతారు. కొత్తపేట, చైతన్యపురి కాలనీల్లోని ఆడవాళ్లను కూడగట్టి నల్లమల యాత్రకు తీసుకెళ్లాలని ఆమె సంకల్పం. బృందం పేరు ఉంటేనే ఇళ్లలో ఒప్పుకుంటారు. సామాను, మందులు మోసే వ్యాను కూడా బృందానిదే. ఈల లేనివారికి బృందం తన పేరు ఇవ్వదు. కిందటేడు చివరి మలుపులకు ముందు గొలుసు ఊడి ఆమె దిగాల్సి వచ్చింది. ఈసారి కూడా తప్పితే తన కోసం ఎదురుచూస్తున్నవాళ్లు చెల్లాచెదురవుతారని ఆమె నాతో అన్నారు.

‘‘మా ఎదురింటి రాజ్యలక్ష్మి గారు కొత్త సైకిల్ కొనేశారండీ. వాళ్లాయన దాని మీద రోజూ తువ్వాళ్లు ఆరేస్తున్నాడు’’ అన్నారు.

శనివారం తెల్లవారకముందే ఎల్బీనగర్ చౌరస్తాలో కలుసుకుని, నాదర్‌గుల్ మీదుగా తుక్కుగూడ చేరి శ్రీశైలం రోడ్డు పట్టుకున్నాం. కడ్తాల్ దాటాక ఊళ్లు పలచబడ్డాయి. డిండి తర్వాత కొండలు కనబడ్డాయి. రాత్రిపూట అడవిలోకి వాహనాలను వదలరు కాబట్టి మన్ననూరు చెక్‌పోస్టు దగ్గరే బస చేశాం. పొద్దున గేటు తీయగానే బయలుదేరాం. అక్కడి నుంచే మొదటి ఎత్తు. పైకి చేరాక దారి చదునుగా ఉంటుంది. రెండు పక్కలా టేకు ఆకు రాలి చాలా దూరం లోపలికి కనిపిస్తుంది. దోమలపెంట దాటితే కృష్ణ దాకా దిగుడే. ఆ దిగుడులో బ్రేకులు వేడెక్కకుండా వదులుతూ పట్టుకోవడం యాదగిరి నేర్పాడు.

వంతెన దగ్గర వరుస కట్టారు. యాదగిరి ముందు వెళ్లి పైమలుపు పిట్టగోడ మీద కూర్చున్నాడు. నేను పద్మజ గారి వెనక బయలుదేరాను. రెండో మలుపులోనే నా కాలు కింద పడింది. నాకు ఈల అక్కర్లేదు కాబట్టి బాధపడలేదు. తోసుకుంటూ నడిచాను. ఆమె వేగం నా నడక కంటే కాస్తే ఎక్కువ.

సగం ఎత్తులో ఒక ఎర్ర బస్సు ఆమెను దాటి మలుపులోకి తిరిగింది. అదే సమయంలో పైనుంచి ఒక లారీ దిగింది. అంత ఇరుకైన మలుపులో రెండూ ఒకేసారి పట్టవు. బస్సు ఆగింది. దాని ముందు భాగం కొండవైపు అంచుకు ఆనింది. సైకిల్ దూరే సందు కూడా మిగల్లేదు. పద్మజ గారు కిటికీ కడ్డీ పట్టుకున్నారు. లోపలి నుంచి ఒక పెద్దావిడ ఆమె మణికట్టు అందుకుంది.

‘‘అమ్మా, కాలు కింద పెట్టకూడదమ్మా. కాస్త పట్టుకోండి.’’

‘‘ఏంది, మొక్కుకున్నవా?’’

‘‘అలాంటిదేనమ్మా.’’

‘‘అయితె వెట్టకు బిడ్డా. నేను వట్టుకున్న.’’

లారీ అంగుళం అంగుళం జరిగింది. బస్సులో ఎవరో డ్రైవర్‌ను మెల్లగా కదిలించమని కేకేశారు. ఇంజన్ రొద హెచ్చింది. నేను బూట్ల మీంచి చూపు తిప్పలేదు. కుడి బూటు కిందికి నొక్కుకుంది, ఎడమది పైకి లేచింది, చక్రం తిరిగింది. బస్సు వెళ్లిపోయాక రోడ్డు మీద ఆమె ఒక్కరే ఉన్నారు, ఎక్కుతూనే ఉన్నారు. మిగిలిన మలుపులన్నీ పిట్టగోడ మీంచి యాదగిరి చూస్తుండగానే ఎక్కారు.

సున్నిపెంట టీ బంకు దగ్గర విచారణ జరిగింది.

‘‘ఏం మేడం, బస్సుల టికెట్ కొట్టించుకున్నరా?’’ అన్నాడు యాదగిరి.

‘‘టికెట్ ఎందుకండీ, బస్సు ఆగి ఉంటేనూ. మీ రూలు కాలు గురించి. చేతి గురించి ఒక్క ముక్కయినా ఉందా?’’

‘‘రూల్ వెట్టిననాడు గింత తెలివి ఎవరికుంటదనుకోలే.’’

బస్సు చాటున జరిగింది పైనుంచి అతనికి సరిగా కనబడలేదు. నా వైపు తిరిగాడు. పత్రికాయన కాబట్టి చూసింది చూసినట్టు చెప్పమన్నాడు. కాలు పెట్టలేదని చెప్పాను. బస్సు గుంజిందా అని అడిగాడు. అది చూడలేదన్నాను.

‘‘కండ్ల ముందట ఉంటె చూడకపోవుడేంది సార్?’’

బూట్లు చూస్తున్నానని చెప్పాను. అతను టీ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత మెడలోంచి ఈల తీశాడు.

‘‘కాలైతె వెట్టలే. మలుపు కాడినుంచి ఎట్ల ఎక్కిండ్రో నేను సూసిన. ఇగో, ఊపిరి మిగిలుంటె ఊదుండ్రి.’’

ఆమె ఊదారు. బంకు రేకుల మీద కాచుకుని ఉన్న కోతులన్నీ ఒక్కసారి చెట్లెక్కాయి. అంతవరకు అలసిపోయి తల పట్టుకుని కూర్చున్న బృందంవాళ్లు కూడా లేచి చప్పట్లు కొట్టారు. చాలాసేపు కొట్టారు.

ఆ రాత్రి అనుబంధానికి దారి కథనం పంపుతుంటే డెస్క్ వాళ్లు ఘాట్‌ను జయించిన మహిళ అని శీర్షిక పెడతామన్నారు. శీర్షిక వాళ్ల హక్కు. లోపల మాత్రం, బస్సు ఆగినప్పుడు ఆమె కిటికీ కడ్డీ పట్టుకుని నిలిచారని, కాలు కింద పెట్టలేదని రాశాను. ఆ రెండు వాక్యాలూ తీయొద్దని అడిగాను. తీయలేదు.

వానలు వెళ్లాక పద్మజ గారి యాత్ర సాగింది. నేను ఎల్బీనగర్ చౌరస్తాకు వెళ్లి సాగనంపాను. మెట్రో స్తంభాల కింద వరుసగా నిలిచిన సైకిళ్లలో రాజ్యలక్ష్మి గారిదీ ఉంది. తువ్వాళ్లు ఆరేసిన ఆయనే గాలి సరిచూస్తూ కనిపించాడు. ఘాట్‌లో కాలు పెట్టాలనిపించినవాళ్లు పెట్టొచ్చని, పైకి మాత్రం రావాల్సిందేనని పద్మజ గారు తన యాత్రకు నియమం పెట్టారు. కొందరు తొక్కుతూ, కొందరు తోసుకుంటూ అందరూ సున్నిపెంట చేరారు. తిరిగొచ్చినప్పుడు చౌరస్తా సిగ్నల్ దగ్గర ఆమె రెండుసార్లు ఈల ఊదితే ఆటోలు కూడా కదిలాయి.

విలేకరి కన్ను ఒకే చోట నిలిస్తే ఒక సంగతి కచ్చితంగా రాయగలడు. పక్కనే జరిగిన రెండో సంగతిని ఎవరినైనా అడిగి రాయాలి, లేదా వదిలేయాలి. వృత్తిలో చివరి ఏళ్లలో ఆ ఘాట్ నాకు మళ్లీ గుర్తు చేసిన పాఠం అదే.

ఎత్తులో నిలిచిపోయిన సైకిల్, నేల మీద కాలు ఊతం లేకుండా దానంతట అది కదలదు. ఆ పెద్దావిడ చేయి వదిలేసిందా, ముందుకు నెట్టిందా అని తర్వాత పద్మజ గారినే అడిగాను.

‘‘నాకూ తెలీదండీ. తలెత్తి చూసేసరికి ముందుకెళ్లిపోతున్న బస్సు కిటికీలోంచి ఆవిడ దణ్ణం పెడుతోంది’’ అన్నారు.

ఆవిడ పేరూ ఊరూ మా ఇద్దరికీ తెలియవు.