కిటికీలో పాతబడ్డ అల్లం నూనె

రిటైరు కావడానికి రెండేళ్ళ ముందు, ఏప్రిల్ నెలలో, జూబ్లీహిల్స్‌లో నేను పనిచేసే ప్రైవేటు పరీక్షా ప్రయోగశాలలో సుగంధ తైలాల విభాగం నా చేతికొచ్చింది. అప్పటిదాకా సీనియర్ అనలిస్టునే అయినా, రిపోర్టు మీద ఆఖరి సంతకం పెట్టే అధికారం అప్పుడే ఇచ్చారు. మా వృత్తిలో ఆ సంతకం కోసం జుట్టు నెరిసేదాకా ఎదురుచూస్తారు. కొంచెం మిడిసిపడ్డాననే చెప్పాలి.

ఆ మొదటి వారంలోనే షేక్‌పేట నుంచి అనసూయ అనే ఆవిడ అల్లం నూనె తెచ్చింది. పాతికేళ్ళు సినిమాల్లో హెయిర్ డ్రెస్సర్‌గా చేసి, మణికట్లు నొప్పి పట్టి మానేసింది. ఇంటి వెనక రేకుల షెడ్డులో అల్లాన్ని ఆవిరి పట్టి నూనె తీసి, నువ్వుల నూనెలో కలిపి, ఫిల్మ్ నగర్‌లో డ్యాన్సర్లకూ ఫైటర్లకూ మోకాళ్ళ నొప్పులకు ఇచ్చేది. ఒక నిర్మాణ సంస్థ తమ యూనిట్ మొత్తానికి ఆమె దగ్గరే తీసుకుంటామంది. కానీ ముందు ల్యాబ్ రిపోర్టు కావాలంది. ఆ ఆర్డరు వస్తే తనలాగే పని మానేసిన ఇద్దరు స్నేహితురాళ్ళను కూడా పెట్టుకుంటానని చెప్పింది.

అల్లం నూనెలో ఎక్కువ భాగం సెస్క్విటెర్పీన్లు, అంటే పదిహేను కార్బన్ పరమాణువులున్న వాసన ద్రవ్యాలు. వాటిలో ముఖ్యమైనది జింజిబెరీన్. తాజా నూనెలో ఇది దండిగా ఉంటుంది. గాలి, వేడి, వెలుతురు తగిలేకొద్దీ కొంత హైడ్రోజన్ పోగొట్టుకుని, బెంజీన్ వలయమున్న కర్క్యుమీన్‌గా మారుతుంది. మొదటిది తగ్గి రెండోది పెరిగిందంటే నూనె పాతబడిందని మేం తేలుస్తాం. గ్యాస్ క్రొమాటోగ్రాఫ్ అనే యంత్రం ఈ ద్రవ్యాలను విడదీసి, ఒక్కోదాన్ని ఒక్కో శిఖరంగా గీసి చూపిస్తుంది.

మా యంత్రం చెడిపోయి మూడు వారాలు పడుకుంది. బాగయ్యాక వరసలో ఉన్న శాంపిళ్ళన్నీ గబగబా పరీక్షించాం. అనసూయ నూనెలో కర్క్యుమీన్ శిఖరం బాగా ఎత్తుగా వచ్చింది. ‘పాత నూనె, ప్రమాణానికి సరిపోదు’ అని రాసి సంతకం పెట్టాను. ఆమె కోరిక మీదే ఆ రిపోర్టు నిర్మాణ సంస్థకు కూడా వెళ్ళింది.

మర్నాడు ఉదయమే ఆమె వచ్చింది. యంత్రం అబద్ధం చెప్పదన్నాను. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్న వరసలో అదే మాట రెండుసార్లు అన్నాను. ఆమె నా వాదన వినడం మానేసి, నా వెనక పడమటి కిటికీ వైపు చూసింది. అక్కడ, పరీక్షకు వచ్చిన నూనెలు పోసి పెట్టిన తెల్ల గాజు సీసాల వరస ఉంది. నూనె రంగు బయటికి కనిపించే సీసాలంటే నాకు మోజు.

“నేనిచ్చింది స్టీలు డబ్బాల గద సార్. ఉగాది ఎల్లినంక తీసిన నూనె. నా షెడ్డుల పాతవడలే. మీ కిటికీల ఎన్ని రోజులున్నదో జర సూడుండ్రి” అంది.

శాంపిళ్ళ రిజిస్టరు తీసి తేదీ చూశాను. ఏప్రిల్ ఎండలో మూడు వారాలు. ఆ నూనె పాతబడేలా చేసింది నేనే.

ల్యాబుల్లో ఒక నియమం ఉంది. శాంపిల్ వచ్చిన రోజే కొంత వేరుచేసి, ముదురు గోధుమరంగు బుడ్డిలో సీలు వేసి ఫ్రిజ్‌లో పెట్టాలి. వివాదం వస్తే తప్ప దాన్ని తెరవకూడదు. తెరవాలంటే క్వాలిటీ మేనేజర్ అనుమతి కావాలి. మా మేనేజర్ ఏలూరు వైపు ఆవిడ, మెతకగా మాట్లాడుతూనే కచ్చితంగా ఉండేది. సంగతంతా విని, “సంతకం పెట్టిన రిపోర్టు వెనక్కి తీసుకుంటే ఆడిట్‌లో నిలబడాల్సింది మీరేనండీ” అంది.

కొత్త శాంపిల్ తెమ్మంటే గుట్టుగా సరిపోయేది. ఆ ఆలోచన నాకు రాలేదని అనను. కానీ అప్పుడు పాత నూనె అంటగట్టబోయిందన్న పేరు ఆమెకు మిగిలిపోతుంది. అనుమతి కోరే కాగితం మీద సంతకం పెట్టాను.

ఫ్రిజ్ బుడ్డిలోని నూనె పరీక్షకు గంట పట్టింది. ఆమె బయట బల్ల మీద కూర్చుంది. తెర మీద జింజిబెరీన్ శిఖరం నిటారుగా లేచింది. నా తప్పు రుజువైనట్టే, అయినా నెత్తిన పాలు పోసినట్టయింది. నేనే వెళ్ళి చెప్పాను. ఆమె సంతోషపడలేదు. “మరి గా కంపెనీకి మీరే చెప్తరా?” అంది. ఆమె ఎదుటే ఆ సంస్థకు ఫోన్ చేసి, తప్పు మా ల్యాబుదని చెప్పాను. వారం తిరక్కుండా ఆర్డరు వచ్చింది. ఆడిట్‌లో నా పేరు మీద అభ్యంతరం పడింది, నెల రోజులు నా సంతకం ఆపారు.

అంతటితో అయిపోలేదు. ఆ కిటికీలో మరో నాలుగు సీసాలున్నాయి. వాటి తాలూకు వాళ్ళెవరూ వచ్చి అడగలేదు, మేమిచ్చిందే నిజమనుకున్నారు. ఆ నాలుగు ఫ్రిజ్ బుడ్లు కూడా తెరిపించి మళ్ళీ పరీక్ష చేయించాను. రెండు రిపోర్టులు మారాయి. ఫిర్యాదు రాలేదు కాబట్టి పని సరిగ్గా చేశామనుకోకూడదని ఆ రెండే నాకు నేర్పాయి.