సవేత కూర్చున్న మెత్త

సవేత ఎక్కినంత కొండ మా మగూర ఊళ్ళో గొర్రెలు కూడా ఎక్కి ఉండవు. ఈ కార్పాతియన్ కొండదారుల్లో నడిచేవాళ్ళకి దారి తెలిసేలా రాళ్ళ మీద ఎర్రరంగు గుర్తులు వేయడం ఆవిడ పని. మధ్యాహ్నం కాగానే శిఖరం కింద ఒక పచ్చటి మెత్త మీద చతికిలబడి మొక్కజొన్న సంకటి తినేది. నిజానికి అది మొక్క. నేలను కరుచుకుని, గులాబీరంగు బుల్లిపువ్వులు పూస్తుంది. ఆ దారిన పోయే ప్రతివాడూ దాని మీదే కూర్చునేవాడు.

ఒక వేసవిలో మొక్కల మీద పరిశోధన చేసే ఒక్తావియా అనే పిల్ల వచ్చి కెవ్వుమంది.

"లే అత్తా, లే! అది నీకంటే పెద్దది!"

"ఈ పీటంత మొక్కా? నాకు అరవై రెండు, అమ్మాయ్!"

"దానికి ఎనభై పైనే. ఏడాదికి గోరు మందం కూడా పెరగదు. లోపల వెచ్చగా ఉంటుందని వేరే మొక్కల గింజలు కూడా ఇందులోనే తలదాచుకుంటాయి. నువ్వు కూర్చునే వైపు చూడు, చచ్చిపోయింది."

సవేత మొహం మాడిపోయింది. నిజమే, అటువైపంతా నల్లగా ఎండి ఉంది.

"మళ్ళీ పూస్తుందా?"

"గింజ పడి మొలవాలి. ఆ తర్వాత పువ్వుకి పదేళ్ళు పట్టచ్చు. అదీ ఎవరూ తొక్కకపోతే."

"అయితే ఆ పువ్వు చూసే పోతాను," అంది సవేత.

మర్నాడే దారి పక్కకు మళ్ళించి కొత్త గుర్తులు వేసింది. ఎవడు చూశాడు? కాళ్ళకి పాత దారే అలవాటాయె. గొర్రెల కాపరి నిస్తోర్ అయితే, "ముప్ఫై ఏళ్ళు నువ్వు కూర్చుని, ఇప్పుడు మమ్మల్ని లెమ్మంటావా వదినా?" అని ఎకసెక్కమాడాడు. ఆవిడకి ఒళ్ళు మండింది. కానీ మాట నిజమే!

అప్పుడు తట్టింది. మనుషులు రంగు వెంట పోరు, కూర్చునే చోటికి పోతారు. ఆ వేసవంతా పలకరాళ్ళు మోసి, కొత్త దారిలో గాలి తగలని మలుపున అరుగు కట్టింది. నడుం పడిపోయింది. మరుసటి ఏడు చూస్తే నిస్తోరే ఆ అరుగు మీద కాళ్ళు చాపుకుని జున్ను నములుతున్నాడు.

"వీపు ఆనించుకోడానికి కూడా ఉంది వదినా!"

దారి దానంతటదే అటు తిరిగింది.

మూడో ఏట ఆ ఎండిన చోట ఆవగింజంత ఆకులు కనిపించాయి. ఇక ప్రతి జూన్‌లోనూ వెళ్ళడం, ఆకులే చూసి రావడం. డెబ్భై రెండు నిండాయి, పువ్వు లేదు. డెబ్భై మూడూ నిండాయి. మోకాళ్ళు మొరాయించాయి.

పోయిన జూన్‌లో నిస్తోరే గాడిద ఎక్కించి తీసుకెళ్ళాడు. సవేత దిగి, నేలకు మొహం ఆనించి వెతికింది. ఒకే ఒక్క పువ్వు. చిటికెనవేలి గోరంత.

"వచ్చావుటే! నీ కోసం మోకాళ్ళు అరగదీసుకున్నాను కదే!" అని భోరుమంది.

నిస్తోర్ టోపీ తీశాడు. పక్కన కూర్చోబోయి, కిందికి చూసుకుని, నిలబడే ఉన్నాడు.